కరువు ఎవరికి?

కరువు అనే మాటకు నిఘంటువులు క్షామమనీ, కొరత అనీ అర్థాలు చెపుతాయి. ఆ అర్థాలు తప్పు కావు, కాని చాలవు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల వాడుకను పరిశీలిస్తే, యీ మాట వ్యాకరణంలోనే దాని రాజకీయం వున్నదని నా అభిప్రాయం.

"వాన కురవలేదు" అనే వాక్యంలో మనిషి లేడు. కరువు అనేసరికి మనిషో, పశువో వచ్చి నిలబడుతుంది. "మాకు గింజలు కరువు", "ఎద్దులకు మేత కరువు" అంటాము. ఈ "కు" అనే ప్రత్యయమే అసలు విషయం. వస్తువు లోకంలో లేకపోవడం కాదు, ఫలానావారికి దక్కకపోవడం కరువు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలోనూ, ఆ తరువాతి కంట్రోలు రోజులలోనూ మద్రాసు రాష్ట్రపు నేతగాళ్లకు నూలు కరువయింది. 1938లోనే మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించిన వూరు ఎమ్మిగనూరు. పత్తి వ్యాపారానికి పేరుపడ్డ వూరు ఆదోని. పత్తి పండే సీమలో మగ్గానికి నూలు కరువు కావడానికి ఆకాశానికి ఏమి సంబంధం?

1876-78 నాటి ధాత కరువును తీసుకుందాం. 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలోనిది. ఆ కరువులో బాగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి వొకటి. మద్రాసు నుంచి రాయచూరుకు పోయే రైలు అప్పటికే ఆదోని మీదుగా నడుస్తున్నది. దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. సహాయపు పనులలో రోజంతా కష్టపడిన మగ కూలికి 1877లో రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి వొక పౌను ధాన్యం, వొక అణా. వానలు రాలేదన్నది నిజమే. కాని రైలూ ధాన్యమూ వుండి కూడా మనుషులు చచ్చిపోవడానికి వాన వొక్కటే జవాబు కాజాలదు. ఆహారం లేకపోవడం వేరు, దాన్ని పొందే శక్తి లేకపోవడం వేరు అని 1981లో అమర్త్యసేన్ శాస్త్రీయంగా నిరూపించిన విషయం మన "కు" ప్రత్యయంలో యేనాటినుంచో వుంది.

పాలకుల భాష చేసే పని యీ ప్రత్యయాన్ని తీసివేయడం. వర్షపాతపు లోటు లెక్కగట్టి "కరువు మండలం" అని ప్రకటిస్తారు. మండలానికి ఆకలి వేయదు. ఆ మండలంలో కౌలుదారు వున్నాడు, అతనికి అప్పిచ్చిన వ్యాపారీ వున్నాడు. కాగితం మీద యిద్దరిదీ వొకే కరువు.

ఉపాధ్యాయ మిత్రులు మరొకటి గమనించాలి. ధరలు పెరిగితే జీతంతోపాటు మనకు వచ్చేది కరువు భత్యం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద కూలీలు చేసిన మట్టిపనికి వారు పెట్టుకున్న పేరు కరువు పని. చట్టం "హామీ" అన్నది. జనం "కరువు" అన్నారు. దీన్ని అజ్ఞానమని కొట్టివేయరాదు. తరతరాల సహాయపు పనుల జ్ఞాపకం ఆ పేరులో వుంది. అయితే హక్కుగా వచ్చినదానికి దయాధర్మపు పేరు మిగిలిపోవడం మన వుద్యమాల లోపం కూడా.

ఇంకొక మాట సుగ్గి. కన్నడంలో దీనికి పంటకోతల పండుగ కాలమని అర్థం. ఆదోని, కోసిగి ప్రాంతాలలో సుగ్గికి పోవడమంటే యింటికి తాళంవేసి, పిల్లలతో సహా గుంటూరు మిరప చేలకు కూలికి పోవడం. పండుగ మాట వలస మాట అయింది. బడిలో హాజరుపట్టీ తీసి చూస్తే యీ అర్థపరిణామం కనిపిస్తుంది.

మన కథకులు కరువు అనగానే బీటలువారిన నేలనూ, బక్కచిక్కిన ఆవునూ చిత్రిస్తారు. అవి అబద్ధాలు కావు. కాని కథ అక్కడే ఆగితే దోషం మేఘానిదవుతుంది. వడ్డీకీ, కూలిరేటుకీ, పత్తి ధరకీ కథలో చోటు వుండదు. జనం ప్రతిరోజూ వాడే వాక్యంలో వున్న మనిషిని సాహిత్యం వదిలివేయడం న్యాయం కాదు. ఇకమీద కరువు కథ చదివినప్పుడు మనం అడగవలసిన మొదటి ప్రశ్న, అది ఎవరికి వచ్చింది, అప్పుడు ఎవరి గాదె నిండింది అని.