పెద్ద పనులు – అంచనాలు

బెంట్ ఫ్లూబ్యెర్గ్, డాన్ గార్డ్‌నర్ రచించిన ‘హౌ బిగ్ థింగ్స్ గెట్ డన్’ (2023) భారీ నిర్మాణముల వ్యయమును చర్చించు గ్రంథము. సిడ్నీ ఒపేరా భవనమునకు తొలి అంచనా 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. 1973లో ముగియునప్పటికి అయినది 10 కోట్ల 20 లక్షలు. పైకప్పు ఆకృతి తేలకముందే 1959లో పని ఆరంభించిరి. నిలిపిన స్తంభములు బరువునకు చాలక మరల కట్టవలసివచ్చెను.

నిదానముగా యోచించి, ఒకే తీరు భాగములను కూర్చి, త్వరగా కట్టవలెనని రచయితల బోధ. వారి పట్టికలో అంచనాను మించిన వ్యయము సగటున సౌరవిద్యుత్ కేంద్రములకు 1 శాతము, జలవిద్యుత్ ఆనకట్టలకు 75 శాతము. అయితే సౌరఫలకములన్నియు ఒక్కతీరు. నదీగర్భములోని శిల చోటుచోటునకు వేరు. కావున ఆనకట్టకు ఈ సూత్రము కొంతవరకే చెల్లును. ‘ఇట్టి పనులకు ఇదివరకు నిజముగా ఎంతైనది?’ అని ముందు విచారింపుమను వారి రెండవ సూత్రమే అచ్చట అక్కరకు వచ్చును.