టెన్షన్ అనేస్తే సరిపోదు

నోరు పూస్తే మన ఇళ్లలో మొదటి తీర్పు వేడి చేసిందని. ఆ వెంటనే మజ్జిగ, బీ కాంప్లెక్స్ మాత్రలు. వాటికీ లొంగక పుండ్లు తిరగబెడుతుంటే, చివరికి డాక్టరు గారు అంటారు: ‘టెన్షన్ పడుతున్నారేమో’. మాటలో తప్పు లేదు. కానీ ఏ పరీక్షలోనూ ఏమీ దొరకనప్పుడే దాన్ని బయటికి తీయడం వల్ల, రోగికి అది ‘నీకేం లేదు పో’ అన్నట్టు వినిపిస్తుంది. మనసు సంగతి మొదటి రోజే, మిగతా ప్రశ్నలతో పాటే అడగాలంటాను.

1998లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. 11 మంది డెంటల్ విద్యార్థుల అంగిట్లో 3.5 మిల్లీమీటర్ల గాయం చేశారు. ఒకసారి వేసవి సెలవుల్లో, మరోసారి పరీక్షల ముందు. (ఒప్పుకున్న ఆ విద్యార్థులకు దండం పెట్టాలి.) పరీక్షల వేళ గాయం మానడానికి సగటున 3 రోజులు, అంటే 40 శాతం, ఎక్కువ పట్టింది. 11 మందితో ఏం తేలుతుందని అడగొచ్చు. కానీ ఎవరికి వారే పోలిక. పరీక్షల వేళ ఒక్కరికి కూడా సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. గాయం మాన్పే పనిని మొదలుపెట్టించే సంకేతం కూడా వాళ్ల రక్తంలో తగ్గింది. పుండు దిగులు వల్లే పుడుతుందని దీంతో రుజువు కాదు. మానడం ఆలస్యమవుతుందని మాత్రం తేలింది. తరచూ నోరు పూసేవాళ్లకు అదేమీ చిన్న విషయం కాదు.

మనసు సంగతి అడిగితే రోగం నేరాన్ని రోగి మీదకే నెట్టినట్టు కాదా? ఆ భయానికి కారణముంది. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే నోటిమంటనే తీసుకోండి. నాలుక చూడటానికి బాగానే ఉంటుంది, మంట మాత్రం ఆగదు. మానసికమని చాలాకాలం కొట్టిపారేశారు. 2005లో ఇటలీ పరిశోధకులు నాలుక నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, సన్నటి నరాల పోగులు తగ్గిపోయి కనిపించాయి. ఈ మంట ఉన్నవాళ్లలో ఆందోళన, డిప్రెషన్ ఎక్కువన్నదీ నిజమే. ఆవకాయ ముట్టుకోలేని నాలుకతో నెలలు గడిపితే దిగులు రాదా? ఏది ముందో తేలకపోయినా, రెండూ ఉన్నప్పుడు రెండింటికీ వైద్యం కావాలి.

మనసు మీద పడి అసలు జబ్బును వదిలేస్తారన్నది ఇంకా గట్టి అభ్యంతరం. అందుకే ఐరన్, బీ12, ఫోలిక్ యాసిడ్ పరీక్షలు మానకూడదు; రెండు వారాల్లో మానని పుండును, ఎంత టెన్షన్‌లో ఉన్నా, డాక్టరుకు చూపించాల్సిందే. పైగా కొన్నిసార్లు అసలు జబ్బు వెనకా మనసే ఉండొచ్చు: గుట్కా నమిలేవాళ్లలో కొందరు చెప్పే కారణం టెన్షనే. అందులోని వక్క వల్ల నోటి లోపలి పొర బిగుసుకుపోయి, నోరు తెరవడమే కష్టమవుతుంది. నమలడం మానమని చెప్పి పంపేస్తే సరా, ఎందుకు నములుతున్నాడో అడగొద్దా? షుగర్, బీపీ ఉన్నాయా అని రాసుకునే కాగితం మీదే ‘నిద్ర పడుతోందా, మనసు ఎలా ఉంది’ అని రాసుకోవడానికి నిమిషం పట్టదు. జవాబు విన్నాక ఏం చేయాలో పంటి డాక్టరుకు తెలియకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 రాసి ఇవ్వొచ్చు.