పటిక ముక్క, బకెట్‌డు నీళ్లు

మొన్న ఒక రిసెప్షన్‌లో భోజనాల బల్లలన్నిటి మీదా నీలం హైడ్రేంజియా గుత్తులు పెట్టారు. వధూవరులు వేదిక ఎక్కకముందే సగం గుత్తులు తలలు వాల్చేశాయి. డెకరేషన్ కుర్రాడు వాటిని ఫోమ్‌లోంచి లాగి చెత్త సంచిలో కుక్కుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. దాహంతో సొమ్మసిల్లిన పూలను చచ్చాయనుకుని పారేస్తున్నాడు.

ఈ కాలమ్ మొదటి నుంచీ చదువుతున్నవారికి నా పట్టు తెలుసు. కాడతో కోసి గాజుపాత్రలో నిలబెట్టే పూల మీద నాకు మోజు లేదు. మనవి విడిపూలు. కడియం నుంచి వచ్చినా, గుడిమల్కాపూర్‌లో కొన్నా, బంతీ చామంతీ మల్లే బుట్టల్లోంచి దారమెక్కి గుమ్మానికో దేవుడికో జడకో చేరాల్సిందే.

వేసవిలో మా అమ్మమ్మ మల్లెమొగ్గల్ని కాపాడిన తీరు చూసినవాళ్లెవరికైనా ఈ పట్టు వస్తుంది. తడిపి గట్టిగా పిండిన పాత పంచెగుడ్డలో మొగ్గల్ని వదులుగా మూటకట్టి, మంచినీళ్ల కుండ కింది తడి ఇసుక మీద పెట్టేది. గుడ్డలోంచి నీళ్లు కారితే మొగ్గలు మురుగుతాయి, గుడ్డ ఆరిపోతే వడలిపోతాయి. ఆ నడిమి తడి ఎంతో ఆవిడ వేళ్లకే తెలుసు. మేం మూట విప్పబోతే, "చేతివేడికి నలుగుతాయర్రా!" అని కసిరేది. పొద్దు వాలాక అరటినార తడిపి మాల కట్టేది. దీపాల వేళకు మొగ్గలు జడలో విచ్చుకునేవి. తెల్లారేసరికి వాటి పని పూర్తయ్యేది. వాటిని ఇంకో రోజు నిలపాలని ఎవరూ తాపత్రయపడేవారు కాదు. మన ఎండకు ఒక్క పూట పువ్వే తగింది, చల్లని కొండల హైడ్రేంజియాని ఊటీ, కొడైకెనాల్ తోటల్లోనే ఉండనివ్వండి అని రాద్దామనే ఈ వారం కూర్చున్నాను.

అయితే ఆ పువ్వు ఎందుకు వాలుతుందో ఆలోచిస్తే ఆ మాట రాయబుద్ధి కాలేదు. గుత్తిలో మనం రేకులనుకునేవి నిజానికి రక్షక పత్రాలు. గుత్తి నిండా ఉండే వాటన్నిటి నుంచీ నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. ఇటు కోసిన కాడ చివర జిగురు ఊరి నీరెక్కే దారిని మూసేస్తుంది. గాలిబుడగ దూరినా అంతే. పైన ఖర్చు ఎక్కువ, కింద రాబడి తక్కువ. ఇంత దాహమున్న పువ్వును తడి ఫోమ్‌లో గుచ్చితే చాలదు, లోతు నీళ్లు కావాలి.

జపాన్‌లో ఇది వానాకాలపు పువ్వు. జూన్‌లో కామకురలోని మెయ్‌గెత్సుఇన్ ఆలయానికి జనం దీన్ని చూడ్డానికే వెళతారు. అక్కడి ఇకెబానా కళాకారులు గాలి దూరకుండా కాడను నీళ్లలో ముంచే కోస్తారు, కోసిన చోట పటిక రుద్దుతారు. బురదనీళ్లు తేర్చడానికి మన ఇళ్లలో వాడిన పటికే! అందులోని అల్యూమినియం ఆమ్లగుణమున్న నేలలో వేళ్లకు అందితేనే ఈ పువ్వుకు నీలం రంగు వచ్చేది కూడా.

పటిక లేకపోతే కాడ చివరి అంగుళాన్ని మరిగిన నీళ్లలో 30 సెకన్లు ముంచి, వెంటనే చల్లని నీళ్లలో లోతుగా నిలపాలి. ఆవిరి పూలకు తగలకూడదు. ఆకులు చాలావరకు తీసేయాలి. లేత గుత్తుల కన్నా ముదిరి కాస్త గట్టిపడ్డవి ఎక్కువ రోజులుంటాయి. గుత్తి అప్పటికే వాలిపోతే తలకిందులుగా చల్లని నీళ్ల బకెట్‌లో ముప్పావుగంట ముంచండి. ఈ పువ్వు పైనుంచి కూడా నీరు పీల్చుకుంటుంది. తీసి, కాడ మళ్లీ కోసి నిలబెడితే కొన్ని గంటల్లో చాలా గుత్తులు తలెత్తుతాయి.

వడలిన మల్లెను మా అమ్మమ్మ కూడా లేపలేకపోయేది. హైడ్రేంజియాని ఎవరైనా లేపవచ్చు. అందుకే కాడపూల మీద నా పట్టును ఈ ఒక్క పువ్వు దగ్గర వదులుకుంటున్నాను. పెళ్లిళ్లకు నిక్షేపంగా తెప్పించండి. ఫోమ్ వద్దని, లోతైన పాత్రలే కావాలని డెకరేషన్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి. వాలిన గుత్తుల్ని ముంచి లేపడానికి ఒక మనిషిని పెట్టి, ఆ కూలి విడిగా ఇవ్వండి. పూలకు వేలు పోసేవారికి ఆ కూలి బరువేమీ కాదు.