300 మాటల్లో జాషువ

కొన్నేళ్ల కిందట ఒక విజ్ఞాన సర్వస్వం సంపాదకుడు ఫోన్ చేసి, గుర్రం జాషువ మీద వ్యాసం రాసిమ్మన్నాడు. 300 మాటలు మించకూడదు, పదిహేను రోజుల్లో కావాలి. ఫోన్ పెట్టేశాక, పదిహేను రోజులెందుకు, ఒక పూట చాలదూ అనుకున్నాను. పుట్టింది 1895 సెప్టెంబరు 28న, వినుకొండలో. పోయింది 1971 జులై 24న, గుంటూరులో. మధ్యలో ‘ఫిరదౌసి’, ‘గబ్బిలం’. చివర్లో పద్మభూషణ్. ఇంకేం కావాలి?

రెండు నెలలు పట్టింది.

మొదటి తిరకాసు ఆయన్ని ఏ అక్షరం కింద కూర్చోబెట్టాలన్నది. వెతికేవాడు ‘జ’ తీస్తాడు. ఆ సంపుటాల పద్ధతి మాత్రం ఇంటిపేరు ముందు, కాబట్టి ‘గ’. అదే లెక్కన చలం కూడా గుడిపాటి వారి వరసలోకి వచ్చి ‘గ’లోనే కూర్చోవాలి. పైగా అది ఆయన పుట్టింటి పేరు కాదు. కొమ్మూరి వారింట పుట్టి, తాతగారికి దత్తు వెళ్లి గుడిపాటి అయ్యాడు. శ్రీశ్రీ సంగతీ అంతే. పూడిపెద్ది వారి పిల్లవాడు దత్తతతో శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యాడు. దత్తతలూ వారసత్వాలూ మామూలుగా ప్లీడర్లకు పనికొచ్చే విషయాలు. కానీ ఆ దత్తత జరక్కపోతే ఆ రెండు ‘శ్రీ’లు పక్కపక్కన చేరేవే కావు. ఏ పూ.శ్రీ. అనో సంతకం పెట్టేవాడేమో. అందుకని శ్రీశ్రీ వ్యాసంలో దత్తతకు చోటుంది. చలం దగ్గర అదే దత్తత ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు.

నాకు తెలిసిన కొలబద్ద ఇదొక్కటే. ఆ ముక్క తీసేసి చూడాలి. తీశాక ఆయన రాసింది వేరేగా కనబడితే ఉంచాలి. లేకపోతే, ఎంత నిజమైనా సరే, పక్కన పెట్టాలి. నిజమే కదా అని ఊళ్లో ఉన్నదంతా ఎక్కించుకుంటూ పోతే ఏమవుతుందో మనవాళ్లకు తెలియంది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, 1923లో వెళ్లిపోయాడు. ఆ మూడూ ‘అ’ అక్షరానికే సరిపోయాయి. మహానుభావుడు, తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఆ నడకన ‘జ’ దాకా రావాలంటే మా మనవల కాలం పట్టేదని మాత్రం లెక్క వేసుకున్నాను.

ఆయన పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని స్త్రీల జీవితాలను గుదిగుచ్చి పుస్తకంగా వేసిన మనిషి. 1902లోనే ‘ధనత్రయోదశి’ కథ రాసింది. ఆమెను పరిచయం చేసే వ్యాసాలు చాలావరకు ‘కొమర్రాజు లక్ష్మణరావు సోదరి’ అని మొదలవుతాయి. ఆయన వ్యాసం ‘అచ్చమాంబ తమ్ముడు’ అని మొదలవడం నేను ఎక్కడా చూడలేదు. చుట్టరికం రెండు వైపులా ఒకటే. ఆమె ఇంట్లో ఉండి ఆయన చదువుకున్నాడు, ఆయన దగ్గర ఆమె చదువు నేర్చుకుంది. ఇద్దరి వ్యాసాల్లోనూ రెండోవారు ఉండవలసిందే. ఏ వాక్యంలో ఉండాలన్నదే పేచీ.

మళ్లీ జాషువ దగ్గరికి. రెండో తిరకాసు బిరుదులు. కవికోకిల, కవితావిశారద, కవిదిగ్గజ, నవయుగ కవిచక్రవర్తి, మధుర శ్రీనాథ, విశ్వకవి సామ్రాట్. మన కవుల వ్యాసాల్లో ఇదొక ఆచారం. కవి ఏం రాశాడో చెప్పే ముందు ఎన్ని శాలువలు కప్పారో చెబుతాం. చక్రవర్తిగా ఉన్నవాడు మళ్లీ సామ్రాట్ ఎందుకయ్యాడని ఎవరూ అడగరు. నేను బిరుదులన్నీ కొట్టేశాను. సంపాదకుడు ఒప్పుకోలేదు. “అవి లేకపోతే పాఠకులు ఉత్తరాలు రాస్తారండీ” అన్నాడు. సరే, ప్రస్తుతానికి ఉండనిమ్మన్నాను.

సన్మానాల్లో ఒకటి మాత్రం నా అంతట నేనే ఉంచాను. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి జాషువ కాలికి తన చేతులతో గండపెండేరం తొడిగాడు. ఇది బిరుదుల జాబితాలో చేరే సంగతి కాదు. ఆ చేతులు ఎవరివో, ఆ కాలు ఎవరిదో తెలిస్తేనే దాని అర్థం తెలుస్తుంది. అది తెలియాలంటే ముందు ఇంకో విషయం రాయాలి. సరిగ్గా అక్కడే పని ఆగిపోయింది.

సంపాదకుడు రచయితలకు నియమావళి ఒకటి పంపాడు. నాలుగు పేజీలు. అందులో ఒక నియమం, ఎవరి కులమూ రాయకూడదని. చదవగానే మంచి నియమం అనిపించింది. సాహిత్యానికి కులంతో ఏం పని అని మనం సభల్లో చెప్పుకునే మాటే కదా. అదే సంపుటంలో అచ్చుకు సిద్ధమైన మిగతా కవుల వ్యాసాలు తెప్పించుకుని చూశాను. ఒకాయన పండిత వంశంలో జన్మించాడు. ఇంకొకాయన ఫలానా అగ్రహారంలో, వేదవిద్వాంసుల ఇంట పుట్టాడు. మరొకాయనకు ఐదో ఏట ఉపనయనం, ఎనిమిదో ఏటికల్లా తండ్రి దగ్గరే రఘువంశం. నియమం ఎక్కడా తప్పలేదు. కులం అన్న మాటే లేదు. ఎవరి కులమేదో తెలియకుండానూ లేదు.

జాషువ దగ్గరికి వచ్చేసరికి ఆ నియమంతో మిగిలేది ‘పేద కుటుంబంలో జన్మించాడు’ అన్న ముక్క. పేదరికం మన కవుల్లో చాలామందికి ఉంది. తిండి లేకపోవడం వేరు, మనిషినే దూరంగా నిలబెట్టడం వేరు. వినుకొండలో ఒక అవధాన సభలో కుర్రవాడైన జాషువ పద్యాలు చదివితే, పద్యాల బాగోగులు వదిలేసి, వీణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారని కేకలు వేశారు. ఇది పేదరికం కథ కాదు.

ఫోన్ చేసి చెప్పాను.

“నియమం అందరికీ ఒకటే కదా మాస్టారూ” అన్నాడు.

“ఒకటే. తగులుతోంది మాత్రం ఒకడికే.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఎలా రాస్తారో రాసి పంపండి, చూద్దాం” అన్నాడు. మంచివాడు. ఆ మాట అనగలిగిన సంపాదకులు తక్కువ.

ఎలా రాయాలన్నది ఇంకా కష్టం. మొదటి వాక్యంలోనే ‘దళిత కవి’ అని చీటీ అంటిస్తే, చాలామంది పాఠకులు ఆ చీటీ చదివి పేజీ తిప్పేస్తారు. కవిగా చేసిందంతా ఆ చీటీ కింద పడిపోతుంది. మొదటి వాక్యంలో తెలుగు కవి అనే ఉండాలి. ఇంకెవరికి ఎలా రాస్తామో అలాగే. తరవాత, తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ, ఇంట్లో మతం క్రైస్తవం అని మూడూ కలిపి చెప్పాలి. మూడింట్లో ఏ ఒక్కటి తీసినా మనిషి అందడు. కులాంతర వివాహం చేసుకున్న ఇంటి పిల్లవాడు అటూ ఇటూ కాకుండా పెరిగాడు. కులం వల్ల హిందువులు దూరం పెట్టారు, పురాణాలు చదివి పద్యాలు కడుతున్నాడని క్రైస్తవులూ దూరం పెట్టారు. అలా దూరం పెట్టిన మనిషికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ‘క్రీస్తు చరిత్ర’కు!

‘గబ్బిలం’ 1941లో వచ్చింది. అందులో తంజావూరు ప్రాంతపు అస్పృశ్యుడొకడు కాశీ విశ్వనాథుడికి తన బాధ చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపినట్టు. కవి ఎవరో తెలియనివాడికి ఇది మేఘసందేశానికి చమత్కారమైన అనుకరణగా కనిపించి ఊరుకోవచ్చు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది, తలకిందులుగా వేలాడుతూ దేవుడి చెవి దగ్గరే ఉంటుంది. వినుకొండ సభలో వేసిన కేకలు తెలిసినవాడికి ఆ పిట్ట ఎందుకు కావలసి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. నా కొలబద్దకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి బయటపడింది. ఆ సంపుటంలో శాస్త్రులందరూ ‘రచించారు’, ‘స్వర్గస్థులయ్యారు’. జాషువ గురించి ఎవరో అంతకుముందు రాసి పెట్టుకున్న చిత్తులో మాత్రం ‘రాశాడు’, ‘మరణించాడు’. కావాలని చేసింది కాదని నాకు తెలుసు. చెయ్యి అలా తిరిగిపోతుంది, అంతే. మన భాషలో క్రియ చివర ఒక్క అక్షరంతో మనిషి ఎత్తు మారిపోతుంది. అందరికీ ‘డు’ అయినా పెట్టండి, అందరికీ ‘రు’ అయినా పెట్టండి అన్నాను. చివరికి అందరూ ‘డు’ అయ్యారు. శాస్త్రుల తరఫున కొన్ని ఉత్తరాలు వచ్చాయట.

కొలబద్ద పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. పోతన బమ్మెర వాడా, ఒంటిమిట్ట వాడా? ఏకశిలానగరం అంటే ఓరుగల్లని ఒకరు, ఒంటిమిట్టని ఇంకొకరు. రెండు పేర్లలోనూ ఒంటి రాయే ఉంది మరి. ఏ ఊరైనా గజేంద్రమోక్షంలో ఒక్క అక్షరం మారదు. నా లెక్క ప్రకారం ఊరు కొట్టేయాలి. కొట్టేసి చూడండి, రెండు ఊళ్ల వాళ్లూ కలిసి వస్తారు. అలాంటప్పుడు తగవునే ఒక వాక్యంలో చెప్పి తప్పుకోవడం మర్యాద.

ఉద్యోగాలకు వస్తే, జాషువ చేయని పని లేదు. బడిపంతులు, తెలుగు పండితుడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధ ప్రచారకుడు, 1957 నుంచి రెండేళ్లు మద్రాసు రేడియోలో. ఇవన్నీ ఒక వాక్యంలో కుదించాను. యుద్ధ ప్రచారం తీసేద్దామా అని ఒకరు సలహా ఇచ్చారు. ఎందుకు తీయాలి? బతకడానికి చేసిన పని, సిగ్గుపడవలసిందేమీ లేదు. నా మనసు మాత్రం వేరే ఉద్యోగం మీదకు పోయింది. 1915 ప్రాంతంలో రాజమండ్రిలో, మూకీ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథా మాటలూ గట్టిగా చదివి వినిపించే పని. ఇరవయ్యేళ్ల కుర్రాడు, చీకట్లో, నోరులేని బొమ్మలకు తన గొంతు ఇస్తూ. దీన్నించి కవిత్వ సూత్రాలు లాగడం నాకిష్టం లేదు. కొలబద్ద పెట్టి చూస్తే బహుశా నెగ్గదు కూడా. అయినా ఉంచాను. 300 మాటల్లో ఆరు మాటలు రాసేవాడి ముచ్చట కోసం ఉండనివ్వచ్చు.

అదే సమయంలో సంపాదకుడు ఇంకో కాగితం పంపాడు. ‘మీ జాషువ కావ్యం రాసిన ఆయనే’ అంటూ పారశీక కవి ఫిరదౌసి మీద వేరొకరు రాసిన వ్యాసం. చక్కగా ఉంది. 1010లో షానామా పూర్తి, ఓ పదేళ్లకు తూస్ నగరంలో మరణం, అంతా పద్ధతిగా ఉంది. గజనీ మహమ్మదు కథ మాత్రం లేదు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న సుల్తాను వెండి నాణేలు పంపడం, చివరికి పశ్చాత్తాపపడి పంపిన ధనం ఒక ద్వారంలోంచి ఊళ్లోకి వస్తుంటే కవి శవం ఇంకో ద్వారంలోంచి బయటికి వెళ్లడం, కూతురు ఆ ధనాన్ని ముట్టకపోవడం, ఏవీ లేవు. రాసినాయన కారణం కూడా చెప్పాడు. ఆ కథ నిజామీ అరూజీ గ్రంథంలో ఉంది. అతను తూస్‌లో ఫిరదౌసి సమాధి చూసింది 1116 ప్రాంతంలో, కవి పోయిన దాదాపు వందేళ్లకు. అంచేత చరిత్రగా నిలవదు.

నిలవదు, నిజమే. కానీ దాన్ని తీసేస్తే 1932 నాటి జాషువ ‘ఫిరదౌసి’ గాల్లో వేలాడుతుంది. తెలుగువాళ్లకు ఆ పారశీక కవి తెలిసిందే ఆ కథతో, ఆ కావ్యంతో. ముప్పై ఏళ్లు రాసి, మాట తప్పిన దొర వాకిట్లోంచి ఉత్త చేతులతో వెళ్లిన కవి కథను జాషువే ఎందుకు ఎత్తుకున్నాడో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. జరిగిందో లేదో తేలని సంగతి, ఇంకో దేశంలో, ఇంకో భాషలో కావ్యం పుట్టించింది. దాన్ని ‘అని ఒక కథ ప్రచారంలో ఉంది, చరిత్రకారులు అంగీకరించరు’ అన్న తోకతో తిరిగి చేర్చమని రాశాను. నా కొలబద్ద నిజానిజాలను కొలిచేది కాదని నాకే అప్పుడు తెలిసింది. ఆ వ్యాసకర్తకు కోపం వచ్చింది. తోక పొడుగు గురించి మా మధ్య మూడు ఉత్తరాలు నడిచాయి.

కుటుంబం దగ్గర పెద్ద చిక్కు రాలేదు. కూతురు హేమలతా లవణం ఉంది, ఎందుకంటే ఆమెకు సొంతంగా వ్యాసం ఉంది. స్టూవర్టుపురంలోనూ, జోగినుల మధ్యా చేసిన పని ఆమెది. నాన్న పేరు మీద రాలేదు. ‘చూడు’ అని పేరు ఇస్తే చాలు.

ప్రూఫు వచ్చింది. ‘జ’లో ‘జాషువ – చూడు: గుర్రం జాషువ’ అని ఒక వరస. ‘గ’లో అసలు వ్యాసం. తల్లీ తండ్రీ ఉన్నారు, వినుకొండ సభ ఉంది, గండపెండేరం ఉంది, మూకీ సినిమా ఉంది. పైన పెన్సిలుతో సంపాదకుడి రాత: 312 మాటలు వచ్చాయి, పన్నెండు తగ్గించాలి, ఏవి తీయాలో మీరే చెప్పండి అని.

వేళ్ల మీద లెక్కపెట్టాను. కవికోకిల, కవితావిశారద, కవిదిగ్గజ, నవయుగ కవిచక్రవర్తి, మధుర శ్రీనాథ, విశ్వకవి సామ్రాట్. తొమ్మిది. ‘అనే బిరుదులు పొందాడు’ అన్నవి మూడు.