క్రైస్తవకీర్తనములయందు విశ్వాసశబ్దము

ఉత్తరతెలంగాణమున గోదావరికి నిరుదెసల నున్న కరీంనగర, ఆదిలాబాదు సీమలయందుఁ గ్రైస్తవసంఘములోని వానిని సంఘస్థులు 'విశ్వాసి' యని వ్యవహరింతురు. 2016వ సంవత్సరమున నా రెండు జిల్లాలును విభక్తములై జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల మున్నగు క్రొత్త జిల్లాలు వెలసినను నీ వ్యవహారము మాఱలేదు. ఈ మాట తెలుఁగుదేశమంతటను గలదు. కాని యీ సీమలో దానికిఁ గల బరువు వేఱు. ఆ బరువెట్టిదో తెలియక క్రైస్తవకీర్తనముల గుణదోషములు నిర్ణయింపఁబూనుట పొసఁగదు.

మొదట శబ్దస్వరూపము విచార్యము. శ్వసధాతువు ప్రాణనార్థకము, అనఁగా నూపిరి తీయుట. 'వి' యను నుపసర్గము చేరఁగా నిశ్చింతగా నుండుట, శంకలేక యొకనిపై నానుకొనుట యను నర్థ మేర్పడినది. దానిపై భావార్థమున ఘఞ్ప్రత్యయము రాఁగా విశ్వాసశబ్దము సిద్ధించును. భయపడినవాఁ డూపిరి బిగఁబట్టును. భయము దీఱినవాఁడు విడుచును. ఇంతవఱకు వివాదము లేదు. 'విశ్వాసి' యనుచోట మాత్రము రెండు త్రోవలున్నవి. విశ్వాసము గలవాఁడని మత్వర్థమున ఇనిప్రత్యయము చెప్పవచ్చును. విశ్వసించుట శీలముగాఁ గలవాఁడని తాచ్ఛీల్యమున ణినిప్రత్యయమును జెప్పవచ్చును. ఉపసర్గ ముపపదమైనపుడు ణిని రాదని వృత్తికారుని మతము. అనుయాయి, అనుజీవి మొదలగు ప్రయోగములను జూపి వచ్చుననియే భట్టోజిదీక్షితులు సమర్థించిరి. రూప మొక్కటియే యైనను ఫలమున భేదము గలదు. మొదటి త్రోవను విశ్వాసము పెట్టెలోని సొత్తువంటిది; ఉన్నదని చెప్పినఁ జాలును. రెండవ త్రోవ నది నడవడి, నడచినఁగాని లేదు. ఆపదలయందు దేవుని నమ్ముట, కపటములేక బ్రతుకుట యను రెండు విషయములును గ్రైస్తవకీర్తనములయందు జంటవాయక యుండుటకుఁ గారణ మీ రెండవ వ్యుత్పత్తియందే దొరకును.

ఈ జంట తెలుఁగుపలుకుబడియందే యున్నది. విశ్వాసమనఁగా నమ్ముట యని యొక యర్థము. తన్ను నమ్మినవానిని మోసపుచ్చకుండుట యని మఱియొక యర్థము. కుక్కకు విశ్వాసము గలదనునపుడు, కుక్క యజమానుని నమ్మినదనుట ప్రధానము గాదు. యజమానుఁడు దానిని నమ్మవచ్చుననియే తాత్పర్యము. విశ్వాసఘాతుకుఁ డనుచోటను నంతే. అచ్చతెలుఁగు 'నమ్మిక' యును నిట్టిదే. 'నమ్మినబంటు' అనునపుడు నమ్మినవాఁడు బంటో, ఏలికయో వాక్యమును బట్టి తెలిసికొనవలసినదే. క్రొత్తనిబంధనకు మూలమైన గ్రీకుభాషయందును 'పిస్తిస్' అను శబ్దమునకు నమ్మకము, నమ్మకస్థత యను నీ రెండర్థములు నుండుట తెలుఁగువారికిఁ గలసివచ్చిన భాగ్యము. ప్రార్థనాంతమునఁ బలుకు 'ఆమేన్' అను హీబ్రూశబ్దమును దృఢత్వార్థకమైన ధాతువునుండి పుట్టినదే. ఆ ధాతువునుండియే విశ్వాస్యతను దెలుపు 'ఎమూనా' యను శబ్దమును వచ్చినది. 1818 నాఁటికే తెలుఁగు క్రొత్తనిబంధన ముద్రణము నొందెను. తరువాతి సంస్కరణములు దాఁటి నేఁటి తెలుఁగుబైబిలున స్థిరపడిన మాట విశ్వాసమే. శ్రద్ధాశబ్దమునకు వైదికవాఙ్మయమున నెంత ప్రశస్తి యున్నను, తెలుఁగువాఁడు 'శ్రద్ధగాఁ జదువుము' అనినపుడు జాగ్రత్త యనునర్థమునే గ్రహించును గాన దానిని విడుచుట మేలయ్యెను.

ఇఁక నీ సీమ జనులకు విశ్వాసశబ్దపు రెండవ యర్థ మే మార్గమునఁ దెలిసినదో చూడవలసియున్నది. నిజామురాష్ట్రమున వెట్టిచాకిరి సాగిన దినములలో మాల మాదిగలు మొదలగు వృత్తికులములవారు గడీలలో దొరలకుఁ గూలి లేక పనిచేయవలసి వచ్చెను. అచట విశ్వాసమనఁగా బంటు దొరకుఁ జూపవలసినదే కాని, దొర బంటునకుఁ జూపవలసినది కాదు. ఋణము ఒక్కవైపుననే, తీర్చువాఁడును నొక్కఁడే. 19వ శతాబ్ది చివరిపాదమున నిజామురాష్ట్రమునఁ బని ప్రారంభించిన వెస్లియను మెథడిస్టు మిషనువారి బోధ విని క్రైస్తవము స్వీకరించినవారిలోఁ బెక్కుమంది యీ ఋణములోఁ బుట్టి పెరిగినవారే. పొరుగున మెదకులో 1914 మొదలు కట్టఁబడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన పెద్దదేవాలయము కఱవుకాలమునఁ గూలివారికి గంజి దొరకుటకై సాగిన పని యని ప్రసిద్ధి. తరువాతి చరిత్ర సంస్థాచరిత్రము: 1947లో దక్షిణ ఇండియా సంఘ మేర్పడెను, 1978లోఁ గరీంనగరము ప్రత్యేక డయోసీసు అయ్యెను, 1999లో సీరో మలబారు కతోలికుల ఆదిలాబాదు డయోసీసు మంచిర్యాల కేంద్రముగా వెలసెను. ఇచట వలసినది వేఱు. క్రొత్తనిబంధనమున 'నమ్మఁదగినవాఁడు' అను విశేషణము దేవునికే చేర్చి చెప్పఁబడినది. గడీముందు నిలిచిన బంటునకు విశ్వాసపుటప్పు తనది మాత్రమే. దేవుని యెదుట నిలిచినవానికి నేలికయుఁ దన మాటకుఁ గట్టుపడినవాఁడే. పాతమాటయే నిలిచినది కాని దానియందలి ఋణము రెండువైపులకుఁ బాఱినది. ఈ సీమవారి నోట 'విశ్వాసి' యను పదమునకుఁ గల బరు విదియే.

క్రొత్తగా వచ్చిన మతము తెలుఁగునఁ బలుకుట యీ నేలకుఁ గ్రొత్త గాదు. 10వ శతాబ్దియందే జైనుఁడైన జినవల్లభుఁడు కరీంనగరమునకుఁ జేరువనున్న కురిక్యాల బొమ్మలగుట్టపైఁ దెలుఁగుకందములు చెక్కించెను. అయినను, కష్టకాలమున దేవుని నమ్ముట యను విషయమునఁ గ్రైస్తవకీర్తనకారునకు దగ్గఱి చుట్టము జినవల్లభుఁడు గాఁడు, ధర్మపురి శేషప్పకవి. ఈ కష్టశబ్దమును గూర్చియు నొకమాట చెప్పవలెను. కషధాతువు హింసార్థకము. కృచ్ఛ్రము, గహనము అను నర్థములు దోఁచునపుడు నిష్ఠాప్రత్యయమున కిడాగమము లేక 'కష్ట' యను రూపము సిద్ధించునట్లు పాణిని విధించెను. కాఁబట్టి బాధ యొక్కటియే కష్టము గాదు. చొర శక్యముగాని యడవియుఁ గష్టమే, త్రోవ దొరకని కొండయుఁ గష్టమే. ఆదిలాబాదు అడవులను, బెల్లంపల్లి, మందమఱ్ఱి, గోదావరిఖనులయందు భూగర్భమునకు దిగి బొగ్గు త్రవ్వువారిని నెఱిఁగినవారి కీ సూత్రమునకు వేఱు వ్యాఖ్యానము వలదు. ఊపిరి సలుపనిచోట నూపిరి విడుచుటయే విశ్వాసము.

శేషప్ప నరసింహశతకమున ధర్మపురి దేవునితోఁ జనువుగా మాటలాడును, నిష్ఠురము లాడును, నిలఁదీయును. ఒకచోట మరణకాలమున గొంతునఁ గఫము క్రమ్ముకొని నామము నోటికి వచ్చునో రాదో యని భయపడి, ఆ స్మరణ నిపుడే చేసి పెట్టుచున్నానని విన్నవించుకొనును. ఊపిరి యాడుచుండఁగనే కడపటి యూపిరికిఁ గావలసినదానిని జమకట్టుకొను నీ లెక్క విశ్వాసశబ్దపు ధాత్వర్థమునకు శేషప్ప తెలియకయే చెప్పిన భాష్యము. పోతన గజేంద్రుఁడు దేవుఁడు కలఁడో లేఁడో యని శంకించియు మొఱవెట్టుట మానలేదు. భద్రాచల రామదాసు చెఱసాలలో రామునకుఁ బద్దులు వ్రాసి చూపెను. తెలుఁగుభక్తికవులలో నీ ముగ్గురును మౌనముగా నోర్చుకొన్నవారు గారు.

ఈ సంప్రదాయపు తలుపు క్రైస్తవమునకుఁ దెఱచినవాఁడు పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణకుటుంబమునఁ బుట్టి 1833లోఁ గటకమున బాప్తిస్మము పొందిన యీ కవి రచనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటముద్వారా శాఖాభేదములేక తెలుఁగు ప్రొటెస్టంటు సంఘము లన్నిటికిఁ జేరినవి. కరీంనగరసీమ గుడులకును నట్లే వచ్చినవి. ఆతని కీర్తనములలోఁ 'ద్రాహిమాం క్రీస్తు నాథ' యనునది సుప్రసిద్ధము. దీని మొదటి మాటకే వైయాకరణుఁ డాక్షేపము చెప్పును. త్రైఙ్ధాతువు ఙిత్తగుటచే నాత్మనేపది. ప్రార్థనమున 'త్రాయస్వ' యనవలెను. 'త్రాహి' పురాణములయందును స్తోత్రములయందును వెల్లివిరిసిన ప్రయోగము; ఆర్షమని సమర్థింపవలసినదే కాని సూత్రముచే సాధింపఁ దగినది గాదు. పరస్మైపదముగాఁ బ్రయోగించుటచే ఫలము పరునిదే, అనఁగా వేఁడుకొన్నవానిదే, యగుచున్నదని యొక చమత్కారము చెప్పవచ్చును. ఙిత్తునకుఁ గ్రియాఫలవిచారమే పట్టదు గావున నది వినోదము మాత్రమే. అసలు సమాధానము వేఱు. మునిఁగిపోవువాఁడు పదనిర్ణయము చేసికొని కేక వేయఁడు. చౌదరి సంస్కృతజ్ఞానము లేక యట్లు వ్రాయలేదు. వేఁడువాని నోటికి సిద్ధముగా నున్న మాటను వ్రాసెను. ముద్రించువారు దానిని దిద్దఁబోకుండుట సమంజసము.

ఆ కీర్తనమున మఱియొక విశేషము గలదు. మొఱ శేషప్పదివలెనే తీవ్రము. దిక్కులేమిని జెప్పుకొనుటయు నట్లే. కాని చౌదరి నిష్ఠురము దేవునివైపునకుఁ బోక తనవైపునకుఁ దిరుగును. కావుమని వేఁడువాఁడు తన్ను బాధించినవారిని లెక్కపెట్టక తనలోని రాతిగుండెను లెక్కపెట్టును. ఇచటనే నమ్ముటయు, కపటములేక యుండుటయు నొక్కనోట వచ్చుచున్నవి. ఇది కీర్తనమునకు గొప్ప బలము. ఇందే యొక యపాయమును గలదు. తన దోషముచేతఁ గలిగిన దుఃఖమునకు దోష మొప్పుకొనుట తగును. దొర చేసిన యన్యాయమునకు నా యొప్పుకోలు తగునా? కూలి యెగఁబెట్టఁబడినవానిచేత 'నా పాపమే' యని పాడించినచో నది వినయము గాదు, గడీవాని వాదము.

తరువాతి కీర్తనములలో సామాన్యమైనవానిని జదివిన నీ యపాయమే కనఁబడును. వానియందు శ్రమలను సహింపుమను నుపదేశ మున్నది, పరలోకమున సుఖము గలదను నోదార్పున్నది, మొఱ మాత్రము లేదు. మొదటి చరణమున దుఃఖము, రెండవ చరణమునఁ గృతజ్ఞత. నడుమ నేమి జరిగినదో కవికిఁ బట్టలేదు. ఇట్టివానిని గుడిలోఁ బాడినవానికి రాగము మిగులును గాని తన దుఃఖము తన మాటలలోనికి వచ్చిన తృప్తి మిగులదు. మొఱవెట్టుట యవిశ్వాసమగును గదా యని కొంద ఱందురు. వారి గ్రంథమే వారికి సమాధానము. యోబుగ్రంథమున మిత్రులు దేవుని పక్షమున వాదించిరి. యోబు దేవునితోనే వాదించెను. తుదకు దేవుఁడు తన్ను గూర్చి యుక్తముగాఁ బలికినవాఁడు యోబే యని మిత్రులమీఁదఁ గోపించెను. యేసు సిలువపై నఱచినది 22వ కీర్తన ప్రారంభవాక్యము. అది చేయి విడుచుటను గూర్చిన ప్రశ్న. ప్రశ్న యడిగియు 'నా దేవా' యను సంబోధనమును విడువకుండుటలోనే విశ్వాసమున్నది. గుఱ్ఱం జాషువ (1895–1971) 1941 నాఁటి 'గబ్బిలము'న కాశీవిశ్వనాథునకు గబ్బిలముచేత సందేశ మంపించునపు డీ రహస్య మెఱిఁగినవాఁడే. అందు మొఱయే ప్రాణము. తొందరపడి తెచ్చిన యోదార్పు లేదు.

'ఓర్పు' అను మాటను గూడ నీ కవులు సగమే వాడుకొనిరి. ప్రాచీనకావ్యములయందు 'ఓర్చు'టకు సహించుట యే కాక జయించుట యను నర్థమును గలదు. పగవారి నోర్చెననిన సహించెనని యర్థము గాదు.

నిష్కాపట్యమును గూర్చి బైబిలనువాదకులు చేసిన మేలు కీర్తనకారులకంటె నెక్కుడు. కపటభక్తునకు వారు పెట్టిన పేరు 'వేషధారి'. గ్రీకుమూలమున నిచట నున్న 'హుపొక్రితేస్' అను శబ్దమునకు రంగస్థలమున నటించువాఁడని మొదటి యర్థము. ఇంత సరిగాఁ గుదిరిన పదము మఱియొకటి దొరకుట యరుదు. అయితే చిరుతల రామాయణములకును, యక్షగానములకును నాటపట్టైన యీ సీమలో వేషము కట్టుట నిందకాదు. అది పని, అది విద్య. రాముని వేషము గట్టినవానికిఁ బల్లెప్రజలు మ్రొక్కుదురు. తెల్లవాఱి యాతఁడు నాఁగలి పట్టినపుడు వానిని రాముఁడనరు, వాఁడును నేను రాముఁడ ననఁడు. అందువలన నీ సీమ శ్రోతకు 'వేషధారి' యను మాట వినఁబడినపుడు తప్పు వేషము గట్టుటయందుఁ గాక, తెల్లవాఱినను విప్పకుండుటయందే తోఁచును. గ్రీకుమాటను విన్నవారికైనను నీ భేద మింత స్పష్టముగాఁ దోఁచినదో లేదో.