కళాబోధనము - ఉపాధ్యాయుల యాక్షేపణలు

చిత్రలేఖనము, సంగీతము, నృత్యము, నాటకము ఇకమీదట ఉన్నత పాఠశాలలలో వినోదములు గాక విద్యాంగములు కావలయునని 2023లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము నిర్దేశించినది. కళలకును శాస్త్రములకును నడుమ గోడ యుండరాదని 2020 నాటి జాతీయ విద్యావిధానము అంతకుముందే పలికియున్నది. ఉద్దేశము మెచ్చదగినదే. కాని ప్రణాళికను వ్రాయుట వేఱు, తరగతిలో నడుపుట వేఱు. నడుపవలసిన ఉపాధ్యాయుల మాటను విచారింపక ప్రణాళికను పొగడుట మాకు సమ్మతము గాదు.

ఉపాధ్యాయులు చెప్పు నాక్షేపణలలో ముఖ్యమైనవి మూడు. పదవ తరగతి పరీక్ష తఱుముచుండగా కళకు కాల మెక్కడిది? గణితము చెప్పువారు కుంచె పట్టుట నెట్లు నేర్పుదురు? కళకు మార్కులు వేయుట యెట్లు?

మొదటి యాక్షేపణ నిలువదు. 2019లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి తన పాఠశాలలను కోరినది వారమునకు రెండు పీరియడ్లు మాత్రమే. ఆ రెంటిని సైతము లెక్కలకు మఱల్చుటకు కారణము కాలము చాలకపోవుట గాదు. మార్కుల పట్టికకెక్కని చదువు చదువే కాదని తలిదండ్రులు తలచుటయే.

రెండవది మిక్కిలి బలమైనది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు ఎనిమిది తరగతుల వఱకు, అదియు నూఱుగురికి మించి పిల్లలున్నచోటనే, కళకు పాక్షికకాల బోధకు నొకని విధించినది. తొమ్మిది, పది తరగతుల మాట అందు లేదు. ఈ లోటును కప్పుటకు ‘కళాసమీకృత విద్య’ యను పేరు చాలదు. ముగ్గు చుక్కలతో సౌష్ఠవమును జూపుట గణితమునకు మేలే. కాని గీత నెట్లు సాగింపవలయునో, ఖాళీ నెచట విడువవలయునో పిల్లకు దానివలన తెలియదు. అట్టిచోట కళ గణితమునకు పరిచారిక యగునే గాని తానొక విద్య కానేరదు.

ఇట్టి ప్రణాళికలేవియు లేని కాలమున రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర దామెర్ల రామారావు, అడివి బాపిరాజుల చిత్రకళాభిరుచిని పెంపొందించెను. ఆయన స్వయముగ చిత్రకారుడు. ఆ ఫలమునకు మూలమదియే. నేటికిని శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు, చేర్యాలలో నకాషీ చిత్రకారులు, నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబములు గలరు. వారిని వార్షికోత్సవమునకు పిలిచి శాలువ కప్పి పంపుట గాక, వేతనమిచ్చి తరగతిలో నిలుపవలయును.

మూడవ యాక్షేపణకు సమాధానము సులభము. పిల్లవాని చిత్రమును ప్రక్కవాని చిత్రముతో గాక, సంవత్సరారంభమున వాడే వేసిన చిత్రముతో పోల్చిచూచిన చాలును. ర్యాంకు లక్కఱలేదు.

కావున ఉపాధ్యాయులను కళావిరోధులని నిందించుట అన్యాయము. వారడుగునది మినహాయింపు గాదు, తోడ్పాటు. మా పాఠకులు ఈమాఱు బడిలో తలిదండ్రుల సమావేశమునకు పోయినపుడు, మార్కులతోపాటు ఇంకొక ప్రశ్నయు నడుగుదురు గాక: ఇచట చిత్రలేఖనము నేర్పువా రెవరు?