ఇంటి ముంగిట డ్రమ్ము విప్పేవాళ్లు

అమెరికాలో సొంత బండిని సొంతంగా బాగుచేసుకునే అలవాటు దాదాపు కారంత పాతది. 1908 నుంచి 1927 వరకు ఫోర్డ్ కంపెనీ కోటిన్నర మోడల్ టి కార్లు తయారుచేసింది. కొన్నవాళ్లలో రైతులు చాలామంది. బండి ఆగిపోతే మెకానిక్కు ఎక్కడో పట్నంలో ఉండేవాడు. అందుకని పొలం పనిముట్లు బాగుచేసుకున్న చేతులే ఇంజనూ విప్పాయి. పెరట్లో చెట్టు కింద బండి పెట్టుకుని పనిచేసే ఇలాంటివాళ్లకు ‘షేడ్ ట్రీ మెకానిక్’ అనే పేరు స్థిరపడింది. ఈ విద్యలో ఇంజను ఆయిలు మార్చడం అక్షరాభ్యాసమైతే, పికప్ ట్రక్కు వెనక చక్రాల డ్రమ్ బ్రేకులు మార్చడం పెద్ద పరీక్ష.

ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చి దశాబ్దాలు గడిచినా పికప్పుల వెనక డ్రమ్ములు చాలాకాలం నిలిచాయి. 1990ల నాటి ఫోర్డ్ రేంజర్‌కూ, 2023 మోడల్ దాకా టయోటా టకోమాకూ అవే. కారణం లేకపోలేదు. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. వెనక డ్రమ్ము చవక, బురద అంత తేలిగ్గా లోపలికి చేరదు, హ్యాండ్ బ్రేకును అందులోనే అమర్చవచ్చు. మన ఊళ్లలో కూరగాయలు మోసే బొలేరో పికప్పుల వెనకా డ్రమ్ములే ఉంటాయి.

డ్రమ్ము లోపల వంపు తిరిగిన రెండు షూలు ఎదురెదురుగా ఉంటాయి. పెడల్ తొక్కితే వీల్ సిలిండర్‌లోని పిస్టన్లు వాటిని డ్రమ్ముకు ఒత్తుతాయి. పాత రేంజర్ లాంటి బళ్లలో ఉన్నది డ్యుయో సర్వో పద్ధతి. తిరుగుతున్న డ్రమ్ము ముందువైపు షూను తనతో లాక్కుపోతుంది. ఆ షూ, అడుగున ఉన్న అడ్జస్టర్ (షూల ఎడం సరిచేసే మర) ద్వారా వెనకవైపు షూను నెడుతుంది. అలా కాలి బలానికి చక్రం బలం తోడవుతుంది. ఎక్కువ పని వెనక షూ మీద పడుతుంది గనుక దాని లైనింగు పొడవుగా, ముందుదాని లైనింగు పొట్టిగా ఉంటుంది. ఈ రెంటినీ తారుమారుగా బిగించడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

అందుకే ఈ పనిలో అనుభవజ్ఞులు మొదట చెప్పే సూత్రం: షూలు రెండు చక్రాలకూ మార్చాలి, కానీ ఒక పక్క బిగించాకే రెండో పక్క విప్పాలి. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలో ఉండాలో మరిచిపోతే, విప్పని చక్రమే చూసుకోవడానికి నమూనా అవుతుంది. ఎడమ కుడులు అద్దంలో ప్రతిబింబాల్లా తిరగబడి ఉంటాయని మాత్రం గుర్తుంచుకోవాలి.

బండి చదునైన గట్టి నేల మీద ఉండాలి. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక నట్లు కాస్త వదులు చేసి, జాకీతో లేపి, ఇరుసు కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ ఉన్నది ఎత్తడానికే, దాన్ని నమ్మి బండి కిందికి దూరకూడదు. చక్రం ఊడదీశాక, హ్యాండ్ బ్రేకు వదిలేస్తేనే డ్రమ్ము వస్తుంది. తుప్పు పట్టి రాకపోతే మధ్యభాగంలో తుప్పు వదిలించే నూనె వేసి, బోల్టుల మధ్య సుత్తితో తట్టాలి. లోపలి అంచు అరిగి గట్టు కట్టి షూలకు తగులుకుంటే, వెనక ప్లేటుకున్న రబ్బరు మూత తీసి, అడ్జస్టర్ చక్రాన్ని వెనక్కి తిప్పి షూలను దగ్గరికి తేవాలి.

డ్రమ్ము ఊడగానే కనిపించే నల్లటి పొడిని గాలి కొట్టి ఎగరగొట్టకూడదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు. క్రిసోటైల్ ఆస్‌బెస్టాస్‌ను నిషేధిస్తూ అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2024 మార్చిలో తెచ్చిన నియమంలో బయట విడిగా అమ్మే బ్రేకు లైనింగులూ ఉన్నాయి. పొడిని బ్రేక్ క్లీనర్‌తో తడిపి కడగడమే పద్ధతి.

డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం పోతపోసి ఉంటుంది. అరిగి అది దాటితే డ్రమ్మూ మార్చాల్సిందే. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూస్తే లోపల తడి ఉండకూడదు. ఉంటే సిలిండర్ మార్చి, పైపుల్లో చేరిన గాలిని బ్లీడింగ్ చేసి తీసేయాలి. కొత్త షూలు బిగించేముందు, అవి ప్లేటుకు రాసుకునే చోట్ల వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు పలచగా పూయాలి. లైనింగుకు మాత్రం చుక్క కూడా అంటకూడదు. అడ్జస్టర్లు ఎడమది ఎడమకే, కుడిది కుడికే వేయాలి, వాటి మరలు వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి. తారుమారైతే, వెనక్కి నడుపుతూ బ్రేకు వేసినప్పుడల్లా షూలను డ్రమ్ముకు దగ్గర చేయాల్సిన ఏర్పాటు వాటిని దూరం చేస్తుంది. చివరికి డ్రమ్ము తొడిగి చేత్తో తిప్పితే సన్నగా రాపిడి వినిపించాలి, కానీ పట్టేయకూడదు. పెడల్ గట్టిపడేదాకా తొక్కి చూశాకే బండి కదిలించాలి.

దీనివల్ల షాపుకిచ్చే కూలి మిగులుతుంది. అయితే ఈ పరంపర విలువ అంతమాత్రమే కాదు. జ్ఞానం అందరికీ అందుబాటులో ఉన్నందువల్లే ఇది బతికింది. 1969లో జాన్ మ్యూర్ ఏమీ తెలియనివాళ్ల కోసం ఫోక్స్‌వ్యాగన్ రిపేరు పుస్తకం రాశాడు. హేన్స్ మాన్యువళ్లు బండిని విప్పి, మళ్లీ బిగించి చూసి రాసినవిగా పేరుపడ్డాయి. విడిభాగాల దుకాణాలు డిపాజిట్ తీసుకుని పనిముట్లు అరువిస్తాయి. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు బండి రిపేరు సమాచారం యజమానికీ, బయటి మెకానిక్కుకూ అందాలని తీర్పిచ్చారు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకున్న చాలా బళ్లలో వెనక బ్రేకు ప్యాడ్లు మార్చాలంటే స్కానర్ తగిలించాల్సి వస్తోంది. పానా పట్టగలిగినా కంప్యూటర్ అనుమతి కావాలి. భారత ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టిందంటే ఈ సమస్య అమెరికాది మాత్రమే కాదన్నమాట.

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు ఈ పని నేర్చుకోవాలనుకుంటే రెండు మాటలు. చాలా కాలనీల్లో ఇంటి ముందు బండి విప్పడానికి ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నిబంధనలు ఒప్పుకోవు, ముందు అవి చదవండి. మొదటిసారి మాత్రం ఈ పని బాగా తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని చేయండి. బిగించినదాన్ని వాళ్లు చూసి సరేనన్నాకే రోడ్డెక్కండి.